మంగళవారం క్లినిక్ కోసం చిన్న విమానం కొన్నాను: నా అనుభవం

2023 అక్టోబరు చివర్లో ఒక మంగళవారం పొద్దున, అమెరికాలో కాన్సస్ రాష్ట్రం మీద ఆరువేల అడుగుల ఎత్తులో, చుట్టూ తెల్లటి మేఘం తప్ప ఇంకేమీ కనబడని చోట నా పెన్ను కింద పడింది. విమానం కొనాలన్న ఆలోచన అక్కడే పుట్టింది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను విచిటాలో కిడ్నీ డాక్టర్ని. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి జే-1 వీసా మీద ఇక్కడికొచ్చాను. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న ఆ వీసా షరతు మాఫీ కావాలంటే డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచెయ్యాలి కదా, నాకు కాన్సస్ రాష్ట్రపు పడమటి కొస పడింది. తరవాత మా ఆయనకి విచిటాలో విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఇటు మారిపోయాం గానీ, అక్కడి పేషెంట్లని వదలబుద్ధి కాక గుడ్‌ల్యాండ్‌లో మంగళవారం క్లినిక్ మాత్రం ఉంచుకున్నాను. కారులో మూడొందల మైళ్ల పైమాటే, దాదాపు అయిదు గంటలు. సోమవారం సాయంత్రం బయల్దేరి, మోటెల్లో పడుకుని, మంగళవారం అర్ధరాత్రి ఇల్లు చేరడం. పిల్లల స్కూల్ ఫంక్షన్లన్నీ సోమ, మంగళవారాల్లోనే ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ విసుగులోనే 2021లో విమానం నేర్చుకున్నాను. 2023 జూన్‌లో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా వచ్చింది, అంటే బయట ఏమీ కనబడకపోయినా మీటర్లు చూసుకుంటూ మేఘాల్లో నడపొచ్చన్నమాట.

ఆ రోజు నడుపుతున్నది అద్దె సెస్నా 172. నాకంటే వయసులో పెద్దది, ఆటోపైలట్ లేదు. కిందనుంచి రేడియోలో విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ ఉన్నట్టుండి నా రూటు మార్చి కొత్త పాయింట్ల పేర్లు చదివాడు. రాసుకోబోతే పెన్ను జారి సీటు కిందికి పోయింది. వంగి వెతికాను, మహా అయితే ఆరేడు సెకన్లు. తలెత్తేసరికి విమానం ఎడమకి బాగా వాలిపోయి ఉంది, ఎత్తు మూడొందల అడుగులు తగ్గింది, నా ఒళ్లు మాత్రం నిటారుగా, హాయిగా ఉన్నానని చెబుతోంది. చెవి లోపలి ద్రవం మనల్ని ఎలా మోసం చేస్తుందో ఎంబీబీఎస్‌లో చదివాను, పరీక్షలో బొమ్మ కూడా గీశాను, కానీ నమ్మింది మాత్రం ఆ రోజే. సరిచేసుకుంటుండగానే కంట్రోలర్ "మీ ఎత్తు ఒకసారి చూసుకోండి" అన్నాడు, మామూలు గొంతుతోనే. గుడ్‌ల్యాండ్‌లో దిగి, ఇంజన్ ఆపేసి, పది నిమిషాలు అందులోనే కూర్చున్నాను. కాళ్ల వణుకు తగ్గాక క్లినిక్‌కి వెళ్లి పద్నాలుగు మందిని చూశాను. ఇంట్లో చెప్పలేదు.

మా మాస్టారికి మాత్రం చెప్పాను. మాస్టారంటే నాకు విమానం నేర్పినాయన, డెబ్బై దాటాయి, ఎయిర్‌లైన్‌లో రిటైరయ్యారు. నేను స్పీడు లెక్కలు, మోడళ్ల పేర్లు రాసుకున్న కాగితం చూపిస్తే పక్కన పెట్టేసి రెండే అడిగారు. నువ్వు రాసుకుంటున్నప్పుడు విమానాన్ని ఎవరు పట్టుకుంటారు? ఏడాదిలో ఎన్ని మంగళవారాలు వెళ్లకపోయినా నీకు పరవాలేదు? మొదటిదానికి జవాబు తెలుసు, ఆటోపైలట్. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. "అయితే కొనకు. ఒక చలికాలం నోట్‌బుక్కులో ఎగురు" అన్నారు.

అలా 2023 నవంబరు నుంచి 2024 మార్చి దాకా ప్రతి మంగళవారం తెల్లవారుజామున అయిదింటికి లేచి, నిజంగా బయల్దేరుతున్నట్టే వాతావరణం చూసి, ఒక నోట్‌బుక్కులో మూడు గడులు నింపేదాన్ని: ఈ రోజు 172తో వెళ్లేదాన్నా, ఆటోపైలట్ ఉండి రెక్కలకి పట్టే మంచు వదిలించే పరికరాలు లేని విమానంతోనా, అవి కూడా ఉన్నదానితోనా. నింపేసి కారెక్కి వెళ్లేదాన్ని, లేదంటే వీడియోలో పేషెంట్లని చూసేదాన్ని. (సోమవారం రాత్రి మోటెల్లో ఉన్నా సరే విచిటా నుంచి బయల్దేరుతున్నట్టే లెక్క.) మా ఆయన లేచి నీళ్లు తాగడానికి వచ్చి, ఎగరని విమానానికి ఇంత టెన్షనా అనేవాడు. మొత్తం 21 మంగళవారాలు. 172తో పది. రెండో రకంతో పన్నెండు. మూడో రకంతో పదహారు. మిగతా అయిదు రోజులూ ఎంత ఖరీదైన చిన్న విమానమైనా ఇంట్లో ఉండాల్సిందే. అంటే మంచు పరికరాలకి పెట్టే డబ్బుతో నేను కొనుక్కునేది చలికాలానికి నాలుగు మంగళవారాలు. ఈ ఒక్క అంకె లేకపోతే నేను వేరే విమానం కొని ఉండేదాన్ని, అప్పుల్లో కూడా ఉండేదాన్ని.

ఇక వెతుకులాట. విచిటాలో విమానం కొంటానని నోరు జారకూడదు. ఇది సెస్నా, బీచ్‌క్రాఫ్ట్ పుట్టిన ఊరు, ప్రతివాడికీ ఒక పార్టీ ఉంటుంది. మన తెలుగువాళ్లలో కూడా సగంమంది ఇక్కడి యూనివర్సిటీలో ఏరోస్పేస్ చదివి ఈ ఫ్యాక్టరీల్లోనే కుదురుకున్నారు. 2024 ఉగాది పార్టీలో పచ్చడి చేతిలో పట్టుకుని ఒకాయన బీచ్‌క్రాఫ్ట్ వాళ్ల బొనాంజా విమానం గొప్పతనం అరగంట చెప్పాడు. తోక వి ఆకారంలో ఉండే పాత బొనాంజాకి ఇక్కడ "డాక్టర్లని చంపేది" అని ముద్దుపేరు. విమానంలో లోపం కన్నా, డబ్బుండి అనుభవం లేని డాక్టర్లు అంత వేగమైనదాన్ని కొని వాతావరణంలోకి దూరిపోవడం వల్ల వచ్చిన పేరు అది. ఆ పేరు మా అమ్మకి ఎవరు చేరవేశారో గానీ తెనాలి నుంచి ఫోన్ రానే వచ్చింది.

నాకు నచ్చింది మాత్రం మామూలు తోక ఉన్న ఏ36 బొనాంజా. వేగం 165 నాట్ల పైన, అంటే గంటకి దాదాపు 190 మైళ్లు, ఆరు సీట్లు, తలుపు మూస్తే బెంజి కారు తలుపులా చప్పుడు. ఏప్రిల్‌లో మిస్సోరీలో 1980ల నాటి ఏ36 ఒకటి దొరికింది, అడిగింది 2,65,000 డాలర్లు. ముందు ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి, విమానం చూడ్డానికి వెళ్లకముందే. నాకున్నది 310 గంటలు, ఏ36లా చక్రాలు ముడుచుకునే విమానంలో ఒక్క గంట కూడా లేదు. ఏడాదికి 8,400 డాలర్లు, పైగా ఇన్‌స్ట్రక్టర్‌తో 25 గంటలు నడిపాకే ఒంటరిగా వెళ్లాలన్నారు. సరే అనుకుని మే నెలలో ప్రీ-బై తనిఖీ, అంటే కొనేముందు చేయించే తనిఖీ, పెట్టించాను. ఆ మోడల్ బాగా తెలిసిన మెకానిక్‌ని నేనే కుదుర్చుకున్నాను, అమ్మేవాళ్ల మెకానిక్‌తో చేయించుకోవడమంటే పెళ్లికొడుకు గురించి పెళ్లికొడుకు అమ్మని అడిగినట్టే.

మెకానిక్ సిలిండర్‌లోకి చిన్న కెమెరా దించి, నన్ను పిలిచి తెర చూపించాడు. ఎగ్జాస్ట్ వాల్వ్ ఆరోగ్యంగా ఉంటే చుట్టూ రంగు ఒకేలా, వలయంలా ఉంటుందట. ఇందులో ఒక పక్కన చందమామకి మచ్చలా ఆకుపచ్చ మరక. అక్కడ వేడి ఎక్కువై కాలుతోందని అర్థం. నేను రోజూ చూసే బయాప్సీ స్లైడ్లు గుర్తొచ్చాయి, ఇంక వివరించక్కర్లేకపోయింది. ఒక్క సిలిండరే అయితే మార్పించుకోవచ్చు. కానీ విమానం చరిత్రంతా రాసే లాగ్‌బుక్కుల్లో అయిదేళ్లు లేవు, ఆ అయిదేళ్ల తరవాతి మొదటి పేజీలో కొత్త ప్రొపెల్లర్ బిగించినట్టు ఉంది. పాతది ఏమైందో ఎవరూ చెప్పలేదు. చక్రాలు దించకుండా నేల మీద దింపి ఉంటారని మెకానిక్ అనుమానం. అమ్మేవాడు కోప్పడ్డాడు, నేను వచ్చేశాను. ఖర్చు 2,900 డాలర్లు, మూడు వారాలు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఏడుపొచ్చేలా ఉండింది, ఎందుకో తెలీదు, నాది కాని విమానానికి.

జూన్‌లో మా ఆయన రంగంలోకి దిగాడు. ఆయన పగలంతా విమానం రెక్కల బలం లెక్కలేసే మనిషి, చిన్న విమానం ఎక్కమంటే మాత్రం "తయారుచేసేవాణ్ణి కాబట్టే ఎక్కను" అంటాడు. ఆయన షరతు ఒక్కటే, పారాచూట్ ఉండాలి. అంటే సిరస్ ఎస్ఆర్22. తలపై హ్యాండిల్ లాగితే విమానం మొత్తాన్నీ పారాచూట్ కిందికి దింపుతుంది, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్లు రెండు, వేగం 170 నాట్లు. ఒంటరిగా మేఘాల్లో నడిపేవాళ్లకి దాదాపు వంక పెట్టలేనిది. 2009 నుంచి మంచు పట్టే మేఘాల్లోకి చట్టబద్ధంగా వెళ్లగలిగే టీకేఎస్ పద్ధతి కూడా వచ్చింది. రెక్కల అంచుకున్న సన్నటి రంధ్రాల్లోంచి గ్లైకాల్ ద్రవం చెమటలా ఊరి మంచు అంటుకోనివ్వదు. అలాంటివి నేను చూసినవన్నీ నాలుగున్నర లక్షల డాలర్ల పైన. అందుబాటులో ఉన్నది 2005 నాటిది, 2,95,000. అందులో ఉన్న టీకేఎస్ అనుకోకుండా మంచులో చిక్కుకుంటే బయటపడ్డానికే, కావాలని వెళ్లడానికి కాదు. పైగా పారాచూట్‌ని పదేళ్లకోసారి మళ్లీ మడతపెట్టించాలి, రాకెట్ మార్పించాలి, ఆ గడువు ఇంకో అయిదు నెలల్లో ఉంది. ఆ ఒక్క పనికే నాకు చెప్పింది 18,000 డాలర్లు. ఇన్సూరెన్స్ 9,800.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని ఇద్దరం లెక్క వేశాం. విచిటా నుంచి గుడ్‌ల్యాండ్ 226 నాటికల్ మైళ్లు. వెళ్లేటప్పుడు పడమటి గాలి ఎదురు, 25 నాట్లు అనుకుంటే, ఎస్ఆర్22తో గంటా ముప్పై నాలుగు నిమిషాలు, 172కి అన్నలాంటి సెస్నా 182తో సరిగ్గా రెండు గంటలు, 172తో రెండున్నర. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తే ఎస్ఆర్22కి గంటా పది, 182కి గంటా ఇరవై మూడు. రానూపోనూ కలిపి నలభై నిమిషాల తేడా. "నలభై నిమిషాల కోసం 182 కన్నా లక్షా పాతికవేలు ఎక్కువ పెట్టి ఆ నాలుగున్నర లక్షలదా" అన్నాను. "గొడుగు సంగతో?" అన్నాడాయన. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. పడమటి కాన్సస్ అంతా అరచేయిలా చదునుగా, గోధుమ పొలాలతో ఉంటుంది, ఇంజన్ ఆగితే 182 లాంటిదాన్ని నెమ్మదిగా ఎక్కడైనా దింపొచ్చు అన్నాను. మేఘం నేలదాకా ఉంటే పొలం ఎలా కనబడుతుందని అడిగాడు. అందుకే కింద కనీసం ఆరొందల అడుగుల ఖాళీ ఉన్న రోజే వెళ్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. నవ్వులాటకి చెప్పడం లేదు, ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది.

రెండింజన్ల విమానం గురించి కూడా అడుగుతారు కదా. ఖర్చు రెట్టింపు, ఇంకో రేటింగు, పైగా ఒక ఇంజన్ ఆగినప్పుడు మేఘంలో ఒంటరిగా దాన్ని అదుపు చెయ్యడానికి కావలసిన నిత్యసాధన వారానికోసారి ఎగిరే నాకు రాదు. అంతే, దాన్ని ఒక్క సాయంత్రం కంటే ఎక్కువ ఆలోచించలేదు.

182ల్లో కూడా ఏదంటే అది కాదు. పాతవాటిలో కార్బురేటర్ ఉంటుంది, తేమ గాలిలో దాని గొంతులో మంచు పేరుకుంటుంది. సెస్నా 1986లో ఈ చిన్న విమానాల తయారీ ఆపేసి పదేళ్ల తరవాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు 182కి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్ పెట్టింది, ఆ బెడద పోయింది. 2004 నుంచి మీటర్లన్నిటినీ చూపించే జీ1000 తెరలు వచ్చాయి, కానీ మొదటి కొన్నేళ్లవాటిలో ఆటోపైలట్ వేరే కంపెనీది, తెరలతో అంతగా కలవదు. 2007 తరవాతవాటిలో జీఎఫ్‌సీ 700 అనే ఆటోపైలట్ ఉంటుంది. ఎత్తు, దిశ, దిగే అప్రోచ్ అన్నీ అదే పట్టుకుంటుంది, రన్‌వే పైన రెండొందల అడుగుల దాకా తీసుకొచ్చి అప్పగిస్తుంది. మాస్టారి మొదటి ప్రశ్నకి జవాబు అదే. ఇంకోటి, ఈ ఊళ్లో సెస్నా మెకానిక్ దొరక్కపోతే ప్రపంచంలో ఎక్కడా దొరకడు. షెడ్యూలు మీద ఎగరాలంటే వేగం కన్నా ఇది ముఖ్యం, షెడ్డులో పార్టు కోసం ఎదురుచూసే 170 నాట్ల విమానం వేగం సున్నా.

జులై 9న అయోవాలో ఒక రైతు దగ్గర 2008 నాటి 182 దొరికింది, 1,400 గంటలు తిరిగింది. 3,38,000 అడిగి 3,25,000కి ఒప్పుకున్నాడు. మొక్కజొన్న షెడ్డు పక్కన హ్యాంగర్, లోపల నేల మీద నూనె మరక లేదు, అన్ని లాగ్‌బుక్కులూ బిస్కెట్ డబ్బాలో వరసగా ఉన్నాయి. ఆ డబ్బా చూసే సగం కొనేశాననుకోండి. ప్రీ-బైకి రెండు రోజులు, 2,200 డాలర్లు. ముందు చక్రం వణుకు ఆపే డాంపర్ అరిగింది, ఎడమ ట్యాంకు మీటరు అబద్ధం చెబుతోంది, అత్యవసర బీకన్ బ్యాటరీ గడువు దాటింది. ఇవన్నీ రైతే చేయించాడు.

అంతా అయిపోయిందనుకుంటే అసలు చిక్కు అప్పుడొచ్చింది. విమానాల రిజిస్ట్రీ అంతా ఓక్లహోమా సిటీలో ఉంటుంది, అక్కడ టైటిల్ వెతికిస్తే 2009 నాటి అప్పు ఒకటి ఇంకా విమానం మీద ఉన్నట్టు తేలింది. మొదటి ఓనరు ఎప్పుడో తీర్చేశాడు, బ్యాంకు మాత్రం విడుదల కాగితం ఎప్పుడూ పంపలేదు. ఆ బ్యాంకు తరవాత ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. ఆ ఫోన్లు చెయ్యడం ఎవరి పని? నాదే అయింది. 23 రోజులు. ఒకామె విమానం అంటే అర్థం కాక కారు లోన్ల విభాగానికి మూడుసార్లు కలిపింది. డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో ఉంది, నా చేతిలో లేదు, విమానం కూడా లేదు. టైటిల్ తనిఖీకి వందో నూటయాభయ్యో అవుతుంది, దాన్ని అడ్వాన్సు ఇచ్చిన రోజే చేయించుకోండి, నాలాగా చివర్న కాదు.

ఆగస్టు 29న రిజిస్ట్రేషన్ జరిగింది. మూడు లక్షల పాతికవేల విమానాన్ని నా పేర పెట్టడానికి ప్రభుత్వం తీసుకున్న రుసుము అయిదు డాలర్లు. (వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట: సొంత పేర రిజిస్టర్ చెయ్యాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. నేర్చుకోవడం ఆపదు గానీ, అక్కడా పౌరులు కానివాళ్లకి రవాణా భద్రత చూసే టీఎస్ఏ అనుమతి కావాలి, గ్రీన్ కార్డు ఉన్నా సరే. నేను వేలిముద్రలు ఇచ్చి, ఆ మెయిల్ కోసం రోజూ చూసినదాన్నే.) తీరా ఇంటికి తెచ్చుకుందామంటే మేఘాల్లోకి వెళ్లడానికి పనికిరాదన్నారు. ఎత్తుమీటరు, గాలి గొట్టాల తనిఖీ 24 నెలలకోసారి ఉండాలి, అది జూన్‌లోనే అయిపోయింది. రైతు ఎండరోజుల్లోనే ఎగిరేవాడు కాబట్టి ఆయనకి అవసరం పడలేదు. మబ్బులేని రోజు చూసుకుని మాస్టారూ నేనూ తెచ్చుకున్నాం.

ఇన్సూరెన్స్ 4,100. షరతు ఇన్‌స్ట్రక్టర్‌తో పది గంటలు, నేను పద్నాలుగు తీసుకున్నాను. సెప్టెంబరంతా అదే. జీ1000లో బటన్ల వెనక బటన్లు, వాటి వెనక పేజీలు. మాస్టారు మేఘంలోకి వెళ్లాక ఒక తెర ఆర్పేసేవారు, ఎర్ర బటన్ నొక్కి అన్నీ రెండో తెర మీదికి తెచ్చుకోవాలి. ఇంకోసారి రెండూ ఆర్పేశారు, అడుగున చిన్న గుండ్రటి పాతకాలపు మీటర్లు మూడే మిగిలాయి. ఆటోపైలట్‌తో నేను నేర్చుకున్న పెద్ద పాఠం, అది చెప్పింది చేస్తుంది, అనుకున్నది చెయ్యదు. ఒక బటన్ తప్పు నొక్కితే అంతే నమ్మకంగా తప్పు దిక్కుకి తీసుకెళ్తుంది. ఏం నొక్కినా పైన ఆకుపచ్చ అక్షరాల్లో ఏమొచ్చిందో పైకి చదవమని మాస్టారి ఆజ్ఞ. ఇప్పుడు కూడా ఒంటరిగా కూర్చుని గట్టిగా చదువుకుంటాను.

అక్టోబరు 8 మంగళవారం మొదటి క్లినిక్ ప్రయాణం. పొద్దున 6:10కి లేచాను నేల మీంచి, 8:05కి దిగాను, సాయంత్రం ఏడింటికి పిల్లల హోంవర్క్ దగ్గరున్నాను. మోకాలికి కట్టుకున్న పలక మీద పెన్నుకి దారం కట్టాను, మా అమ్మ పంపిన తిరుపతి ఎర్రదారమే. అమ్మ బాధ వేరు. మంగళవారం ఉత్తరానికి వారశూల అట. వాయవ్యానికి వెళ్తున్నానమ్మా అంటే, "సగం ఉత్తరమేగా" అంది.

చలికాలం ఎలా గడిచిందో లెక్క రాసి పెట్టుకున్నాను. మార్చి చివరిదాకా 23 క్లినిక్కులు. విమానంలో 13, కారులో 4, వీడియోలో 5, పూర్తిగా వాయిదా పడింది ఒకటి. నోట్‌బుక్కు చెప్పినదానికి దగ్గరగానే వచ్చింది. మంచు గురించి నా రూలు మొండిగా ఉంటుంది: మేఘం ఉండి, అందులో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరో కిందో అయితే వెళ్లను, పైన ఎవరో పైలట్ బాగానే ఉందని చెప్పినా సరే. నవంబరులో ఒకసారి హ్యాంగర్ తలుపు తీసి, విమానం బయటికి లాగి, మళ్లీ లోపలికి తోసేశాను. సన్నటి జల్లు, గడ్డకట్టే జల్లు. వెనక్కి తొయ్యడం తేలిక పని కాదు, చేతులకన్నా మనసుకి. అటుపక్క పదకొండుమంది ఎదురుచూస్తున్నారు, అందులో ఒకాయన ముప్పై మైళ్ల నుంచి వస్తాడు.

ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. నేల విచిటా దగ్గర 1,300 అడుగుల ఎత్తులో మొదలై గుడ్‌ల్యాండ్ చేరేసరికి 3,600 దాటుతుంది, కంటికి తెలియనంత వాలుగా. తూర్పు గాలి తేమని మోసుకుంటూ ఆ వాలు ఎక్కితే చల్లబడి పొగమంచు అయిపోతుంది. ఒక్క ఊరు కాదు, పడమటి కాన్సస్ మొత్తం ఒకేసారి మూసుకుపోతుంది. డిసెంబరులో అలాగే దొరికిపోయాను. బయల్దేరినప్పుడు మేఘం కింద వెయ్యి అడుగుల ఖాళీ అన్నది, దగ్గరికి వెళ్లేసరికి రెండొందలు. రూలు పుస్తకం ప్రకారం ప్రత్యామ్నాయ ఎయిర్‌పోర్టు రాసుకున్నాను గానీ, అది కూడా అదే పొగమంచులో ఉంది. తిరిగి తూర్పుకి సలైనా దాకా వచ్చి దిగాను. 87 గ్యాలన్ల ట్యాంకు నింపుకుని ఉండబట్టి అది కేవలం చికాకు, లేకపోతే వేరే కథ అయ్యేది. చట్టం అడిగేది అదనంగా 45 నిమిషాల ఇంధనం, నేను రెండు గంటలకి తక్కువతో బయల్దేరను. ఒంటరి మనిషికి సీట్లు ఖాళీగానే ఉంటాయి, బరువు లెక్క అడ్డం రాదు.

ఇప్పుడు క్లినిక్ నర్సు నాకు వాతావరణ శాఖ. ఊళ్లో ఎనభై అడుగుల స్టాండు మీద వాన్‌గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ పెద్దది ఒకటుంటుంది. తను అయిదున్నరకి డ్యూటీకి వస్తూ "పువ్వులు కనబడుతున్నాయి" అనో "కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి" అనో మెసేజ్ పెడుతుంది. అధికారిక రిపోర్టులన్నీ చూస్తాను, కానీ ముందు చూసేది ఇదే.

ఖర్చులు. ఒక మంగళవారానికి 45 గ్యాలన్లు, గ్యాలన్ ఆరు డాలర్ల లెక్కన 270. హ్యాంగర్ నెలకి 375, అదీ ఏడు నెలలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాక, జనవరిలో విమానం వెతక్కముందే పేరు రాయించబట్టి. తెరల్లోని మ్యాపుల డేటాబేసులకి ఏడాదికి ఏడొందలు. ఇంజన్‌కి 2,000 గంటలకి ఓవర్‌హాల్ చేయించాలని కంపెనీ సూచన, దానికి గంటకి ముప్పై డాలర్లు పక్కన పెడుతున్నాను. మార్చిలో మొదటి యాన్యువల్ తనిఖీకి 6,800, ఒక అలర్జీ మాత్ర అంత సైజు పార్టు కోసం మూడు వారాలు షెడ్డులోనే. కారులో వెళ్లిన నాలుగు ట్రిప్పుల్లో మూడు అవే. మెకానిక్కులు వీధికొకడు ఉన్నాడని మురిసిపోయాను, పార్టు లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. కారు, మోటెల్ ఖర్చుతో పోల్చి ఇది లాభమని మా ఆయనకి చెప్పే ప్రయత్నం ఒకసారి చేశాను. ఆయన ఇంజనీరు, నవ్వాడు.

ఏప్రిల్ నుంచి మంచు బెడద పోయి ఉరుములు మొదలయ్యాయి. తెర మీద రంగురంగుల రాడార్ బొమ్మ వస్తుంది, దాన్ని చూసి మేఘాల మధ్య సందులోంచి దూరిపోవచ్చు అనిపిస్తుంది. ఆ బొమ్మ మీద రాసి ఉన్న సమయం కంటే అసలు వాతావరణం ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు పాతది కావచ్చని, ప్రమాదాలు విచారించే ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది. కాన్సస్‌లో ఇరవై నిమిషాల్లో మేఘం పుట్టి పెరిగి వడగళ్లు కురిపించేస్తుంది. అందుకే చుట్టూ యాభై మైళ్లు తిరిగి వెళ్తాను, లేదా మధ్యాహ్నం క్లినిక్ ఆపేసి రెండింటికే తిరుగు ముఖం పడతాను. పేషెంట్ల అపాయింట్‌మెంట్లన్నీ ఏప్రిల్ నుంచి పొద్దుటి పూటకి మార్చాను. విమానానికి నేను చేయించిన అన్ని మార్పులకన్నా క్యాలెండర్‌లో చేసిన ఈ మార్పే ఎక్కువ పనికొచ్చింది.

ఈ రోజు 2025 ఏప్రిల్ 28, సోమవారం. రేపటికి తూర్పు గాలి, పడమట తేమ. నర్సుకి ముందే చెప్పాను, అయిదున్నర మెసేజ్ దాకా ఆగొద్దని, సగం మందిని వీడియోకి మార్చమని. మిగతా సగం నేను వెళ్లి చూడాల్సినవాళ్లు. కారులో పెట్రోలు నింపి, ప్లాస్కు కడిగి, బ్యాగు తలుపు దగ్గర పెట్టాను.